లేట్ బస్సుకు నాలుగో ఓటు

అది కాదాంటీ, నాలుగు అనేది అసలొక అంకేనా? మామూలు రోజున మా ఇంట్లో భోజనానికి కూర్చుంటేనే నలుగురం అవుతాం. నలుగురు కలిసి అన్నం తింటే చట్టం తప్పినట్టా, మీరే చెప్పండి!

చెప్పరు. నాకు తెలుసు. మీరు నాతో మాట్లాడి ఇవాళ్టికి పదమూడు రోజులు. ఇప్పుడు కూడా తల తిప్పకుండా ఆ పెద్ద అద్దంలోంచే చూస్తున్నారు. పర్లేదు, అద్దంలోంచే చూడండి. నేనీ మొదటి సీట్లో కూర్చుంటాను. టైమ్ ఐదూ ఒకటి. పిల్లలు ఎక్కేది ఐదూ పదిహేడుకి. అంటే నాకు పదహారు నిమిషాలున్నాయి.

బస్సు కదులుతున్నప్పుడు డ్రైవర్‌తో మాట్లాడకూడదని రూలు. ఆగి ఉన్నప్పుడు మాట్లాడొచ్చు. చూశాను లెండి. మా పాలసీ పుస్తకం నాలుగు వందల పన్నెండు పేజీలు. స్కూల్ బోర్డులో ఏడుగురం ఉంటే అది మొత్తం చదివింది నేనొక్కదాన్నే. అదే నా జబ్బు.

మీ మామగారు ఉన్నారే, తిరుపతయ్య తాతగారు, ఆయన ఇండియా నుంచి వచ్చిన వారానికే నన్ను పట్టుకుని అడిగారు. "బోర్డు మెంబరంటే ఏందమ్మా, హెడ్మాస్టరుకన్న పెద్దనా, చిన్ననా?" అని.

"పెద్దే తాతగారూ, కానీ ఒక్కదాన్నే ఉంటే సున్నా" అన్నాను. ఏడుగురం టేబుల్ దగ్గర కూర్చుంటేనే మేం బోర్డు. తలుపు దాటి బయటికొస్తే నేను ఉత్త పూజితని. టీచర్‌కి ఇలా పాఠం చెప్పమనలేను, క్యాంటీన్‌లో ఉప్పు తగ్గించమనలేను. స్కూళ్ళన్నిటికీ పెద్దయిన సూపరింటెండెంట్‌ని మేం పెట్టుకుంటాం, మిగతా స్టాఫ్‌ని ఆయన చూసుకుంటాడు. మా పనల్లా రూల్స్ రాయడం, బడ్జెట్‌కి చెయ్యెత్తడం, జనం తిడితే మూడు నిమిషాలపాటు నవ్వు మొహంతో వినడం.

"జీతమెంత?" అన్నారు. లేదన్నాను. "కారిస్తరా?" నా కారే అన్నాను. "మరి దేనికి నిలబడ్డవ్ బిడ్డా?" అని జాలిగా చూశారు. ఆ జాలితోనే కావొచ్చు, ఆ రోజు నుంచి ప్రతి మీటింగ్‌కీ వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నారు. చాలా మీటింగుల్లో ప్రజలంటే ఆయనొక్కరే!

నవ్వారు. అద్దంలో కనిపించింది ఆంటీ. దగ్గు కాదది.

సరే, సంగతికొస్తాను. ఇవాళ ఏడింటికి మళ్ళీ ఓటింగ్. బడయ్యాక ఆగిన పిల్లల్ని ఇళ్ళకి దింపే ఈ లేట్ బస్సు వచ్చే సెప్టెంబర్ నుంచి ఉంటుందా, పోతుందా అన్నది. మీకు తెలియని సంగతి కాదు, బస్సు మీది. కానీ మొదటిసారి ఏం జరిగిందో మీకు నా నోటితో చెప్పలేదు కదా.

మార్చి నెల షీట్లు కావాలని నేనే మీ దగ్గరికొచ్చాను. ఏ రోజు ఎంతమంది ఎక్కారు, ఏ స్టాప్‌లో ఎంతమంది దిగారు, అదీ లెక్క. మీరు ఎందుకని కూడా అడగలేదు. "తీస్కపో బిడ్డా, మళ్ల జాగ్రత్తగ తెచ్చియ్యి" అని ఫైలు చేతిలో పెట్టారు. బస్సు తీసేయడానికి ఆ బస్సు నడిపే మనిషి దగ్గరే లెక్కలు తెచ్చుకున్న మొనగత్తెని నేను!

ఆఫీస్‌లో రోజంతా నేను చేసేది ఇదేగా. ట్రాయ్ ఊళ్ళో కార్ల పార్టుల లెక్కలు, ఇక్కడ పిల్లల లెక్కలు. ఇరవై రోజులు. నూట ఇరవై ఎనిమిదిసార్లు పిల్లలు ఎక్కారు. రోజుకి సగటున ఆరు పాయింట్ నాలుగు. డెబ్భై ఏడు సీట్ల బస్సులో ఆరుగురు! నూటికి ఎనిమిది సీట్లు నిండుతున్నాయి. ఎలా అనిపించిందంటే, ఏదో నిధి దొరికినట్టు అనిపించింది. బోర్డులోకి వచ్చి మూడు నెలలు. పందొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాను. అందులో మన పదకొండు తెలుగు కుటుంబాల ఓట్లే పద్దెనిమిది. ఎన్నికలకి నా పేరున్న యార్డ్ సైన్లు మీరూ అమ్మా కలిసి గడ్డకట్టిన నేలలో సుత్తి పెట్టి కొట్టారు. ఏదో ఒకటి చేసి చూపించాలి కదా!

ఇంతలో అమ్మ కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. బోర్డువాళ్ళందరినీ పిలవమంది. అలా కుదరదమ్మా, ఏడుగురిలో నలుగురు ఒకచోట చేరి స్కూల్ సంగతి మాట్లాడితే అది మీటింగ్ కిందికొస్తుంది, ముందుగా నోటీసు పెట్టాలి, తలుపులు తెరిచి ఊరందరినీ రానివ్వాలి అన్నాను. "అయితే ఊరందరినీ రమ్మను, చక్కెర పొంగలి ఎక్కువ చేస్తాను" అంది! అమ్మతో చట్టం మాట్లాడడం ఎంత కష్టమో మీకు తెలుసు.

చివరికి ముగ్గురే అని ఒప్పించాను. "ముగ్గురిని పిలిచి ముగ్గుర్ని వదిలేస్తే ఏం బాగుంటుందే" అని రెండు రోజులు సణిగింది. బిల్, మా ప్రెసిడెంట్. డోనా, రిటైరైన నర్సు. గ్రెగ్, పళ్ళ డాక్టరు. నాలుగు అయితే తప్పు, మేం పిలిచింది మూడు. లెక్క సరిపోయింది. నేను ఎంత జాగ్రత్తపరురాలినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగో మనిషిని నేనే ఆంటీ! నన్ను నేను లెక్కపెట్టుకోలేదు. మా ఇంట్లో నేను అతిథిని కాదు కదా, ప్లేట్లు అందించే మనిషిని. ఆకులు వేసేటప్పుడు ఇంటివాళ్ళని లెక్కేసుకుంటామా, చెప్పండి? వడ్డన మొదలయ్యాక డోనా నన్ను పక్కన కూర్చోమంది. కూర్చున్నాను. అంతే, కోరం పూర్తి.

అయినా కూర్చుని తింటే తప్పు లేదు. చట్టంలో ఉంది, వట్టి భోజనమైతే భోజనమే. బిల్ మూడోసారి పులిహోర పెట్టించుకుని, పల్లీలు ఏరుకుంటూ, "ఆ లేట్ బస్సు సంగతి ఏమైనా చూశావా?" అన్నాడు. నేనేం చెయ్యాలి? "మీటింగ్‌లో మాట్లాడదాం బిల్" అనాలి. నాలుగు వందల పన్నెండు పేజీలు చదివిన పిల్ల ఆ ఒక్క మాట అనాలి.

పది సెకన్లలో ఫోన్ తీశాను. ఎడంచేత్తో. కుడిచేతికి పులిహోర ఉంది.

సగటు చూపించాను, రంగురంగుల చార్టు చూపించాను. గ్రెగ్ ఈలవేశాడు. డోనా, "ఈ అమ్మాయి మనకి ముందే దొరికుంటే" అంది. వెన్ను నిటారైంది నాకు. అప్పుడు తలెత్తితే మీరు వంటింటి గుమ్మంలో మజ్జిగ జగ్గు పట్టుకుని ఉన్నారు. అంతా విన్నారు. వచ్చి గ్రెగ్ గ్లాసు నింపి వెళ్ళారు. నా గ్లాసు కూడా నింపారు.

మర్నాడు సోమవారం. బస్సు తీసెయ్యడానికి నాలుగు ఓట్లు, వద్దని మూడు. మా ఇంట్లో తిన్న నలుగురం ఒక వైపు, తినని ముగ్గురు ఒక వైపు. తాతగారికి ఏమర్థమైందో, మేం చెయ్యెత్తగానే చప్పట్లు కొట్టారు. పోయింది మీ బస్సేనని ఇంటికెళ్ళాక చెప్పారట కదా ఎవరో. పాపం, మర్నాడు మా అమ్మకి ఫోన్ చేసి, ఆ చప్పట్లు వెనక్కి తీసుకునే రూలుందా అని అడిగారు.

తర్వాత ఆ ఉత్తరం వచ్చింది. సంతకం లేదు. ఫలానా ఆదివారం, ఫలానా ఇంట్లో, "పసుపు అన్నం వడ్డిస్తుండగా" నలుగురు బోర్డు సభ్యులు లేట్ బస్సు గురించి చర్చించారు అని. బిల్ మీటింగ్‌లో గట్టిగా చదివాడు. చదువుతూ మెడదాకా ఎర్రబడ్డాడు. స్కూల్ లాయరు ఆ ఓటు చెల్లదు, అందరి ముందూ మొదట్నించీ చర్చించి మళ్ళీ వెయ్యండి అన్నాడు.

ఇక మనవాళ్ళు! పదకొండు కుటుంబాల్లో తొమ్మిదింటికి మీ పేరు తప్ప ఇంకో పేరు తట్టలేదు. బస్సు ఎవరిది? రాగిణిది. జగ్గు పట్టుకుని విన్నదెవరు? రాగిణి. "మా ఇంట ప్రసాదం తిని మా మీదే కాగితం రాస్తుందా? పైగా ఎవరికీ తెలీకూడదని పులిహోరని పసుపు అన్నం అంటుందా?" అని అమ్మ మూడు రోజులు అదే మాట. ఆ కోపంలోనే మీ స్టీల్ డబ్బా తిప్పి పంపింది. ఖాళీగా.

నాకు తెలుసాంటీ. ఇరవై ఏళ్ళలో మీ ఇద్దరి మధ్య ఖాళీ డబ్బా తిరగలేదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి పంపుతుంది. ఆ డబ్బా తెచ్చి మీ గుమ్మంలో పెట్టింది నేనే. మూత తీసి చూశారు, మళ్ళీ మూత పెట్టారు. అప్పటి నుంచే కదా నాతో మాట్లాడడం లేదు.

ఐదూ పది. ఉండండి, ఏడు నిమిషాలున్నాయి. అసలుది ఇంకా చెప్పలేదు.

ఓటింగ్ అయిన రెండ్రోజులకి మీ ఫైలు తిరిగిద్దామని తీశాను. షీట్లన్నీ సర్దుతుంటే ఒకటి జారి బోర్లా పడింది. వెనకవైపు రాతలున్నాయి. నేను స్కాన్ చేసింది ముందువైపే. వెనక ఉన్నది తెలుగు! ఇక్కడి పిల్లలెవరూ చదవలేరని తెలుగులో రాసుకున్నారు కదూ?

కూడబలుక్కుని చదివాను. నా తెలుగు ఆదివారం బడి తెలుగు, గంటన్నర పట్టింది. "ఈథన్, బాకా మర్చిపోతడు, యాది చెయ్యాలె." "పొడుగు ఎమ్మా." "కళ్లజోడు ఎమ్మా, ఇంట్ల లైటు వెలిగినంక కదలాలె." "కొత్త పిల్లగాడు, రోబోలు చేస్తడు, శుక్రవారం తప్ప రాడు." ఎవరు ఏ రోజు ఎక్కారో అన్ని పేర్లూ రాశారు మీరు.

నాకు చేతులు ఊరుకోవు కదా, పేర్లన్నీ షీట్‌లోకి ఎక్కించాను. నూట ఇరవై ఎనిమిదిసార్లు ఎక్కింది రోజూ అదే ఆరుగురు పిల్లలు కాదు ఆంటీ. నలభై ఒక్కమంది! మనిషి నెలకి మూడుసార్లు. బ్యాండ్ ఉన్న రోజు ఒకరు, లెక్కల ట్యూషన్ ఉన్న రోజు ఒకరు, వాళ్ళ నాన్నకి డబుల్ షిఫ్ట్ పడిన రోజు ఇంకొకరు. బస్సు ఖాళీగా లేదు, నలభై ఒక్కమంది వంతులేసుకుని ఎక్కుతున్నారు. నా సగటుకి అది కనపడలేదు. నాకెలా తెలుస్తుంది, నన్నెప్పుడూ అమ్మ కార్లో వచ్చి ఎక్కించుకుంది.

అప్పుడు నేను చెయ్యాల్సింది చాలా చిన్న పని. గెలిచినవైపు ఓటేసిన మెంబరు ఎవరైనా తర్వాతి మీటింగ్‌లో లేచి, మళ్ళీ ఆలోచిద్దాం అనొచ్చు. పాలసీ పుస్తకంలో ఉంది. లేచి, "నా లెక్క తప్పు, కాగితం వెనక్కి తిప్పి చూడలేదు" అంటే చాలు.

అనలేకపోయాను. "ఈ అమ్మాయి ముందే దొరికుంటే" అన్న డోనా అక్కడే కూర్చుని ఉంటుంది. మూడు నెలల మెంబరుని. లెక్కలొచ్చని కదా నాకు ఓటేశారు!

అందుకని ఇంకోటి చేశాను.

మీరు ఇప్పుడు తల తిప్పారు. పదమూడు రోజుల్లో మొదటిసారి. అలా చూడకండి ఆంటీ, చెబుతున్నాను కదా.

ఆ ఉత్తరం నేనే రాశాను.

పసుపు అన్నం కూడా నేనే. పులిహోర అని రాస్తే మనవాళ్ళెవరో రాశారని తెలిసిపోతుందనుకున్నాను. చూశారా ఎంత తెలివో! నా లెక్క తప్పని చెప్పడం కంటే, మా ఇంటి భోజనం తప్పని రాయడం తేలికనిపించింది. ఓటు దానంతటదే రద్దవుతుంది, రెండోసారి నేను నెమ్మదిగా అటు జరుగుతాను, ఎవరూ ఏమీ అడగరు. అలా వేశాను లెక్క. అందులో మీరు లేరు. నిజంగా లేరు. మీ పేరు వినపడగానే చెప్పేసి ఉండాల్సింది. మొదటి రోజు రేపు చెబుదామనుకున్నాను. అలా పదమూడు రేపులయ్యాయి.

అదుగో, పొడుగు ఎమ్మా వస్తోంది. తలుపు తియ్యండి, నేను వెనక సీట్లోకి వెళ్తాను. నేనూ చివరి స్టాప్ దాకా వస్తాను, ఏడింటిలోపు తిరిగొచ్చేస్తాం కదా.

ఓట్లు చూసుకున్నాను. అప్పుడు బస్సుకి పడిన మూడూ కదలవు, నాది నాలుగు. మీ బస్సు ఉంటుంది. చర్చ మొదలవగానే లేచి అన్నీ చెబుతాను, లెక్క, ఉత్తరం, రాసింది ఎవరన్నదీ. ప్రాక్టీస్ చేశాను, యాభై రెండు సెకన్లు పట్టింది. బిల్ ఏమంటాడో, డోనా ఎలా చూస్తుందో, వచ్చేసారి నాకెన్ని ఓట్లు తగ్గుతాయో, అన్నిటికీ ఒక అంచనా ఉంది.

తర్వాత ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలి. దానికే ఆంటీ, ఏ లెక్కా అందడం లేదు.