ఫిట్ అని రాసిచ్చిన మనిషి

నాచారం, 2008. కాలనీ కమ్యూనిటీ హాలులో అరవై దాటినవాళ్ళకు ఉచిత వైద్య పరీక్షలు చేసిన రోజు సాయంత్రం. కనకరాజు కాశీ ప్రయాణానికి బ్యాగు సర్దుకుంటున్నాడు. భార్య లక్ష్మీనర్సమ్మ పక్కనే కూర్చుంది.

“గంత పెద్ద లైన్ల బీపీ సక్కగున్నది నా ఒక్కనిదే, నర్సమ్మ. డాక్టరమ్మ చేతికి కట్టిన పట్టి ఇప్పి మల్లోసారి కట్టి సూసింది. నమ్మబుద్ధి కాలే పాపం.”

“అయితె ఏమన్నది?”

“ఏం గోలీలు వాడుతున్నవ్ తాతా అన్నది. గోలీలు మింగెటోని మొకమేనా ఇది అన్న. నవ్వింది. ఫిట్ అని రాసిచ్చింది, సూడు.”

“నాకు సదువొస్తదా సూడనీకె. మంచిగనే ఉన్నవ్ తియ్యి.”

“మంచిగనే అంటె? మన కామరాజు లేడా, రోజు పొద్దుగాల పార్కుల ఉరుకుతడు, ఆయనకు షుగరున్నది, బీపీ ఉన్నది. మొకం ఇంత జేస్కొని ఇంటికి పోయిండు. నేనన్న, ఉరుకుడు బంద్ వెట్టి మీ ఇంటామెతోని లొల్లి వెట్టుకో, నా లెక్క గట్టిగుంటవ్ అని.”

“నీ నోట్ల మన్నువడ. గా బ్యాగుల ఇవి పెట్టుకో.”

“గివేం పొట్లాలు?”

“రాగి పిండి. రోజు పొద్దున ఒక పొట్లం అంబలి గాసుకొని తాగు.”

“కాశీల అంబలి ఎవడు గాస్తడే? ఆడ పూరీలు, జిలేబీలు దొరుకుతయి.”

“ఉత్త నీళ్ళల్లనన్న కలుపుకో. తాగు, అంతె. ఒక్క దినం గూడ తప్పొద్దు.”

“ఇంట్ల తాగుత లేనా రోజు? వారం దినాలు తాగకుంటె సస్తనా?”

“ఊకో నరేందర్ నాయినా. ప్రయాణం ముంగట గవేం మాటలు?”

“అంబలికి ఇంత ఫికరేందే నీకు?”

“అయితె నేను గూడ వస్త.”

“నీ మోకాళ్ళతోని గంగల దిగుతవా? రానని నువ్వే అంటివి గద.”

“అయితె నువ్వు గూడ పోకు.”

“టికెట్లు తీసినంకనా? బుచ్చిబాబు సారు, నేను పక్కపక్కనే సీట్లు పెట్టిచ్చుకున్నం. దారెంబడి ఆయన రాజమండ్రి ముచ్చట్లు, నా ఫ్యాక్టరీ ముచ్చట్లు... ఆగు, గీ పొట్లం లోపట ఇంకో చిన్న పొట్లమున్నది. తెల్లగున్నదేంది?”

“అది... ఉప్పు.”

“ఉప్పు చేదుగుంటదా?”

“నాకినవా? నాకకు.”

“రైల్ల పోలీసోళ్ళు సూస్తె నన్ను బొక్కలేస్తరు. సక్కగ జెప్పు, ఏందిది?”

“చెప్తె నువ్వు ఒర్రొద్దు.”

“నేనెప్పుడన్న ఒర్రిన్నా?”

“ఇప్పుడు ఒర్రుతనే ఉన్నవ్. బీపీ గోలి అది. దంచి పెట్టిన.”

“ఎవలి గోలి?”

“నీదే. కీసరగుట్ట మెట్ల మీద కండ్లు తిరిగి పడ్డవ్ సూడు, అప్పుడు దవాఖానల రాసిచ్చిన్రు. నువ్వేమో ముసలోళ్ళు మింగుతరు నాకెందుకని మోరీల పారేసినవ్. బంద్ వెడితె కాలు చెయ్యి పడిపోతదని డాక్టరు నాతోని అన్నడు. అప్పటి సంది నేనే తెస్తున్న, అంబలిల కలుపుతున్న.”

“అప్పటి సందా? రోజా?”

“రోజు. మీ చెల్లె ఇంట్ల పెండ్లికి గూడ సీసల అంబలి పట్టుకొని నీ ఎంబడి తిరిగిన. మొగణ్ణి పసిపోరని లెక్క సాకుతుందని అందరు నవ్విన్రు.”

“నన్ను మోసం జేసినవ్.”

“చేసిన. ఏం జేస్తవో జెయ్యి. నువ్వు మంచాన పడితె ఏం గావాలె నేను? నాకు భయమైంది.”

“గివి ఎన్ని పొట్లాలున్నయ్? ఒకటి, రెండు, మూడు...”

“ఏమన్న అనరాదు. తిట్టు. గట్ల పొట్లాలు లెక్కవెట్టుకుంట కూసుంటె మంచిగ లేదు.”

“గోలి ముట్టలే అని అందరి ముంగట చెప్పిన గదనే.”

“ఏం గాదు. పొద్దుగాల పోయి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్దాం. ఇగ దంచుడు నాతోని గాదు, నీ గోలి నువ్వే మింగు.”

“మింగుత తియ్యి. నా చెప్పులేడున్నయ్?”

“పొద్దుగూకినంక ఏడికి? అలిగినవా?”

“బోడుప్పలుకు. బుచ్చిబాబు సారు ఇంటికి. నన్ను సూసి ఆయన బీపీ గోలీలు బంద్ వెట్టిండు, నర్సమ్మ. నెల దాటింది.”