టీజీ 07

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయిన రోజులవి. మియాపూర్‌లో దుకాణం షట్టర్ సగం దించుకుని, ఒక సాఫ్ట్‌వేర్ ఆయన టూరింగ్ బండి హ్యాండిల్‌కు జీపీఎస్ బిగిస్తున్నాను.

"గట్టిగా బిగించండి. ఎల్లుండి గుంటూరులో మా ఆవిడకి ఆపరేషన్. హైవే మీద బళ్లు ఆపుతున్నారట, రేపు లోపలి ఊళ్ల మీదుగా వెళ్తాను."

"ఇది దారి చూపిస్తది సార్. ఆ దారిల ఎవరు కూసున్నరో చూపియ్యది. అవునూ, నంబర్ ప్లేట్ మీద ఏపీ కాడ టీజీ స్టిక్కర్ ఎవరు ఏసిన్రు?"

"నేనేనండి. తెలంగాణ బండి అనుకుని వదిలేస్తారని."

"పక్కన 07 అట్లనే ఉండె గద. గది గుంటూరు నంబరని చిన్న పోరగాళ్లకు గుడ తెలుసు."

"అయితే తీసేయనా?"

"జల్ది తియ్యుండ్రి. ఆంధ్రా బండైతే నాలుగు మాటలని పంపిస్తరు. మోసం చేసిండనుకుంటే మాటలతోని పోదు. ఇది ఎవరన్నా చూసిన్రా?"

"ఇందాక నల్లగండ్ల దగ్గర ఇద్దరు ప్లేటుకు ఫోటో తీసుకున్నారు. బండి నచ్చిందనుకున్నా. నవ్వుతూ మాట్లాడారు, ఏ దారిన వెళ్తున్నావని కూడా అడిగారు."

పానా కింద పెట్టాను. "చెప్పిన్రా?"

"సాయం చేస్తారేమోనని, ఊళ్ల పేర్లతో సహా చెప్పానండి."