వరండాలో మూడు చిరుతలు

గుడ్డ కోయడంలో కన్నా కోతలు కోయడంలోనే మన దర్జీకి చెయ్యి బాగా తిరిగింది. భార్యతో కలిసి ఎక్కడో అడవి మధ్య లాడ్జిలో ఉండి జంతువుల్ని చూసొచ్చినప్పటి నుంచీ, సాయంత్రమయ్యేసరికి ఆయన షాపు ముందు బల్ల మీద జనం చేరుతున్నారు. ఆ రోజు పక్క షాపు గడియారాల మెకానిక్కూ, బావమరిదీ వచ్చారు. టీలూ వచ్చాయి. వెనకాల కాజాలు కుడుతున్న భార్య మాత్రం, తిరిగొచ్చినప్పటి నుంచీ ఆ ఊసే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఎప్పుడు నోరు విప్పుతుందోనని దర్జీకి ఒకటే దిగులు.

“పెద్ద విషయమేం కాదనుకోండి,” అని మొదలుపెట్టాడు. “మధ్యాహ్నం పూట, కుండపోత వాన. పళ్ళు బయట పెట్టొద్దని లాడ్జి వాళ్ళు చెప్పారు. మనం వింటామా? ఏదైనా వస్తే ఫొటో తీద్దామని వరండాలో అరటిపళ్ళు పెట్టా. వచ్చింది. చిరుత.”

“చిరుత అరటిపళ్ళు తింటుందా?” అన్నాడు మెకానిక్.

“ఆ వానల్లో దానికి మాత్రం ఇంకేం దొరుకుతుందండీ?”

వెనకాల సూది ఆగింది. దర్జీ చెవులు అటే ఉన్నాయి. కంగారులో ఇంకో రెండు చిరుతల్ని దింపేశాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని వెనక ఇంకోటి, మెట్ల మీద మూడోది. నా దగ్గరేముంది, మెడలో టేపు తప్ప? ఒక్క విసురు విసిరి మొదటిదాన్ని చుట్టేశా. పనిలో పని నడుం కొలత కూడా చూశా, ముప్పై ఆరు. అది విని మిగతా రెండూ పొట్టలు లోపలికి పీల్చుకున్నాయి. ఇంతలో ఏనుగొచ్చి వరండా స్తంభం లాగుతోంది. ఒక చేత్తో స్తంభం పట్టుకున్నా, ఒక చేత్తో టేపు, కాలితో మిషను తొక్కినట్టు నేలని తొక్కా. ఆ అదురుకి ఏనుగు పరారు, కొండ కింద వాగు పక్కకి తిరిగి పారింది.”

మెకానిక్ నవ్వాడు. బావమరిది నవ్వలేదు.

“ఇంతకీ అప్పుడు అక్కెక్కడుంది బావా?”

దర్జీ టీ గ్లాసు కింద పెట్టాడు. ఇన్ని సాయంత్రాలుగా ఎన్ని జంతువుల్ని తెచ్చినా, కథలోకి భార్యని తేవడం మాత్రం మరిచాడు. “నా వెనకాలే,” అన్నాడు. “వెనకాలే దాచుకున్నా.”

ఆమె దారం కొరికింది.

“తలుపు బయట ఉన్నాన్రా,” అంది తమ్ముడితో. “వచ్చింది ఇంట్లో పిల్లి అంత పునుగుపిల్లి. దాన్ని చూసి మీ బావ లోపలికి దూకి గడియ పెట్టుకున్నారు. నేను తలుపు బాదుతూనే ఉన్నా.”

ఎవరూ నవ్వలేదు. దర్జీ మెడలోని టేపు తీసి, తలెత్తకుండా చుట్టసాగాడు.

“భయమెయ్యలేదా అక్కా?”

“మొదట వేసింది. తర్వాత ఓ పండు ఒలిచి దానికి పెట్టా,” అంటూ ఆమె సూదిలోకి మళ్ళీ దారం ఎక్కించింది. “వాన తగ్గేదాకా అదే నాకు తోడుంది.”