చౌడమ్మ ఎక్కిన బంగారుచుక్క

చౌడమ్మ ఉండాది చూడండి, ఆయమ్మ పొద్దున లేస్తే ఒక బండిని తిట్టి గానీ మొగం కడుక్కోదంట. మనిషిని కాదబ్బా, బండిని. అదీ ఇంట్లో ఉండే బండా అంటే కాదు, ఎప్పుడో పోయిన బండి. "నా మొగుడి కండ్లు మింగేసిన బండి, దానికి మట్టి పడ" అని మొదులు పెడితే, దాన్ని చేసిన చేతుల్ని, దాన్ని ఓడలో తెచ్చిన దొరని, దానికి రిపేరీ చేసిన నాగభూషణాచారిని అందర్నీ ఒక చుట్టు చుట్టొచ్చి, ఆనెంక మేకలు తోలుకోని గుట్టకి పోయేదంట. ఆ మొగుడు తిమ్మరాయప్ప వసారాలో కూచోని కత్తాళ నారతో తాళ్ళు పేనుకుంటా, అంతా వింటా ఉండేవాడు. రెండు కండ్లూ లేవు ఆయప్పకి. ఉన్నప్పుడు ఎట్లాంటి కండ్లనుకున్నారు! గుట్ట మిందుండే మేకని ఊర్లో నిలబడుకోని, అది ఎవురింటి మేకో చెప్పే కండ్లు.

ఏ బండి అంటారా, ఆడికే వస్తా ఉండా. మన గుట్టకి అవతల పక్క బంగారు గనులు కదా. తెల్లదొరలు ఉన్నింది ఆ కాలంలో. ఆళ్ళల్లో ఆకిను దొర అని ఒకాయన. మిగతా దొరలంతా కట్టెతో చిన్న తెల్ల ఉండని కొట్టుకుంటా గడ్డిలో నడుస్తా ఉంటే, ఈయప్ప మాత్రం ఆళ్ళ సీమ నుంచి పెద్ద చెక్కపెట్టిలో ఒక మోటారు సైకిలు తెప్పించుకున్నాడంట. పెట్టి ఇప్పితే జనం నోరు తెరిచేసినారు. దానికి దీపం లేదు, హారను లేదు, ఎనక ఇంకో మనిషి కూచునేదానికి సీటూ లేదు. చక్రాలు చూస్తే మొసలి ఈపు మాదిరి గడ్డలు గడ్డలు. హ్యాండిలు చూస్తే కోడెకొమ్ముల మాదిరి ఈ పొడుగు. పొగగొట్టం కింద పోకుండా మోకాలి కాడికి లేచింది, నీళ్ళల్లో పోయినా తడవకుండా. ఇంగ అది తాగే నూనె ఏం నూనె అనుకున్నారు? ఆముదం! అవునబ్బా, మనం తలకి పెట్టుకునే ఆముదం జాతే. అది కాలి పొగొచ్చిందంటే ఊరంతా ఒక వాసన. బియ్యెస్సే కంపినీది, పేరు గోల్డు స్టారంట. మనోళ్ళకి నోరు తిరగతాదా, బంగారుచుక్క అనేసినారు.

రోడ్డు మింద పోయే బండి కాదది. రోడ్డు లేని కాడ పోయే బండి. గుట్టలు, గుంతలు, రాళ్ళు, బురద, అదే దాని దారి. దొర దాన్ని ఏసుకోని మన గుట్టకి రావడం, సగం ఎక్కడం, దొల్లుకుంటా కిందికి రావడం. దొల్లినప్పుడల్లా ఏదో ఒకటి వంగిపొయ్యేది. గనుల్లో కమ్మరి పని చేసే మన నాగభూషణాచారి దాన్ని సరి చేసేవాడు. ఇట్లుండగా ఏమైందంటే, ఒకనాడు దొర కిందపడి లేచి చూస్తే, అదే ఏటవాలు మింద మేకల్ని తోలుకుంటా పరిగెత్తి పోతా ఉండాడు ఒక పడుసోడు. ఆయప్పే తిమ్మరాయప్ప. దొర ఊరకే చూసి చూసి, ఇట్రా అని పిల్చి, బండి మింద కూచోబెట్టినాడంట. అంతే! మేకలు కాసేవాడికి గుట్టదారి ఎవురు నేర్పించాల? మేక ఎట్ల పోతాదో బండిని అట్ల తోలినాడు. దొర టోపీ తీసేసినాడంట తలమింద నుంచి.

ఆనెంక ఆరేండ్లో ఏడేండ్లో, ఏటేటా మన గుట్ట కింద పందేలు. స్క్రాంబులు అనేవాళ్ళు. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి మ్యాచిలెస్సులు, ఏజేయస్సులు, ట్రైంపులు లారీల్లో దిగేవి. మా నాయన చూసినాడు, మా నాయన చెప్పంగా విన్నాను నేను. నలభై బండ్లు ఒకేసారి లేస్తే కడవలో నీళ్ళు వణికేవంట. దుమ్ములో ఏమీ అగపడదు. ఆ దుమ్ములోనుంచి మొదుట ఏ బండి బయటపడతాదా అని జనం ఊపిరి బిగబట్టుకోని చూస్తే, అదో, బంగారుచుక్క! తిమ్మరాయప్ప సీటు మింద కూచోనే కూచోడు, నిలబడి తోలేవాడు. చక్రాలు రెండూ నేలని వదిలేసి గాలిలో పోతా ఉంటే, ముసిలోళ్ళు చేతులెత్తి దండం పెట్టినారంట, తెలుసునా!

ఆచారికి ఇంకొక పిచ్చి. దొరని కూచోబెట్టి అడిగేవాడు, దీన్ని చేసింది ఎవురు దొరా అని. దొర చెప్పేవాడు, మా ఊర్లో చలికి చేతులు కొంకర్లు పోతాయి, అట్లాంటి కాడ ఒక్కొక్క ఇంజన్ని మనిషి కూచోని చేత్తో జత చేస్తాడు, దాన్ని తిప్పి తిప్పి దాని బలం ఎంతో చూసి గానీ బయటికి పంపడు, సగం మంది రైడర్లు వాళ్ళ బండ్లని వాళ్ళే కొట్టాల్లో కూచోని కోసుకుంటారు, అతికించుకుంటారు, ఆదివారం బురదలో పడి పొర్లతారు, సోమవారం మళ్ళా పనికి పోతారు అని. ఆచారికి కండ్లల్లో నీళ్ళు తిరిగేవంట. "అయితే ఆళ్ళూ మా మాదిరి సుత్తి పట్టినోళ్ళే కదా దొరా" అనేవాడు. ఆయుధపూజ నాడు కొలిమికి బొట్టు పెట్టి, సుత్తికి బొట్టు పెట్టి, ఆ ఇంజనికీ బొట్టు పెట్టి, "మొగం తెలియని అన్నల్లారా, మీ చేతులు చల్లగుండాల" అని సీమ పక్కకి తిరిగి మొక్కేవాడంట.

తెల్లోళ్ళు పోయినారు. ఆకిను దొర పోతా పోతా బండిని ఇద్దరి చేతుల్లో పెట్టేసి, ఒకడు తోలండి ఒకడు చూసుకోండి అనేసి రైలెక్కినాడు. ఆ మరుసటేడు పందెంలో, ముందు రేతిరి కురిసిన వానకి గుట్ట అంచు తెగిపోయి ఉన్నింది, ఎవురికీ తెలీదు. తిమ్మరాయప్ప గాలిలో లేచినాడు, దిగేదానికి నేల లేదు. తల రాయికి కొట్టుకునింది. పానం నిలిచింది గానీ, చూపు కొంచిం కొంచింగా మసకబారి, ఏడాది తిరిగే తలికి పూరా పోయింది. చౌడమ్మకి అప్పుడు చంకలో చంటిబిడ్డ. ఆచారి పలకరించేదానికి వస్తే గడప కాడే నిలబెట్టేసింది. "నువ్వు అతికిస్తానే ఉన్న్యావు, ఆయప్ప ఎక్కతానే ఉన్న్యాడు. ఇప్పుడు కండ్లు అతికించు చూద్దాం" అనింది. ఆచారి తల దించుకోని పోయినాడు. ఆ పొద్దు నుంచి ఆ ఇద్దరి మధ్యన మాట లేదు. మేకలు ఆచారి ఇంటి ముందర పోతే ఆయమ్మ మొగం అవతలికి తిప్పుకోని పొయ్యేది.

విరిగిన బండిని ఆచారి గోతాముల్లో మూటకట్టి అటక మింద పెట్టినాడు. పనిలో నుంచి దిగినాక ఒక్కొక్కటే కిందికి దించి, వంగింది సాపు చేస్తా, లేంది తానే కరిగించి పోస్తా కూచున్నాడు. అది ఒక రూపానికొచ్చే తలికి ఈయప్ప రూపం పోయింది. ఎన్నేండ్లు మింగినాడో గనుల్లో దుమ్ము, రొమ్ములో గట్టిపడిపోయింది. పది అడుగులేస్తే ఆయాసం. డాక్టరు బిడ్డల్ని పక్కకి పిల్చి, ఇంగ ఆయన అడిగింది పెట్టండి అనేసినాడు. ఆచారి అడిగింది ఏంది? కూడు కాదు, నీళ్ళు కాదు. "ఆ గుట్ట మింద దాని గొంతు ఒకతూరి వినాల" అన్నాడంట. ఊర్లో పడుసోళ్ళు ఎగబడినారు, మేము తోల్తామంటే మేము తోల్తామని. అది ఊరకే తన్నితే లేస్తాదా! తన్నినోణ్ణి ఎదురు తన్నేది. ఒకడు కుంటుకుంటా పోయినాడు, ఇంకొకడు మోకాళ్ళ మింద పడినాడు. ఒకడు ఎట్లనో లేపి, గుట్ట మొదుట్లోనే దాన్ని పడేసి పారొచ్చినాడు.

అప్పుడు ఆచారి ఒకనాడు సాయంత్రం ఎద్దులబండి కట్టించుకోని, దానిమింద తన మంచం, మంచం పక్కన బంగారుచుక్క పెట్టించుకోని, నేరుగా చౌడమ్మ ఇంటి ముందర దిగినాడు. చౌడమ్మ మేకల్ని దొడ్డిలోకి తోలతా ఉంది. చూసింది. నోట్లో తిట్టు వచ్చినంత పనయ్యింది. అంతలో ఏమైందంటే, వసారాలో తిమ్మరాయప్ప చేతిలో తాడు కింద పడింది. "మే చౌడీ, ఆముదం కాలిన వాసన" అన్నాడు. ఆయప్ప లేచి, చేతులు ముందరికి చాచుకోని, గోడ పట్టుకోకుండా నడిచొచ్చేసినాడు. బండిని దించి నిలబెట్టినారు. చేయి పెట్టినాడు. టాంకీ తడిమినాడు, ఇంజని మింద గాడులు తడిమినాడు, కొమ్ముల మాదిరి హ్యాండిలు తడిమినాడు. పుట్టిన బిడ్డని తడిమినట్ల. చౌడమ్మ మొగుడి మొగం చూస్తా ఉండాది. ఆ మొగం చూసి ఎన్నాళ్ళయింది ఆయమ్మ! దినామూ కంటి ముందర ఉండే మొగమే, ఇది మాత్రం కాదు.

హ్యాండిలు కాడ ఒక చిన్న మీట ఉంటాది, అది పట్టి, తన్నే కడ్డీని కాలితో మెల్లిగా నొక్కి, సమయం చూసి మీట వదిలి, ఒక్క తన్ను తన్నినాడు. దబ్... దబ్... దబ్ దబ్ దబ్ దబ్! దొడ్డిలో మేకలు గోడెక్కినాయి. కాకులు ఒకేసారి లేచినాయి. ఇంటి పెంకులు గలగలమన్న్యాయి. మంచం మింద ఆచారి చెయ్యి తాళమేస్తా ఉండాది. కొంచిం సేపు అట్లే విని, తిమ్మరాయప్ప దాన్ని నిలిపేసినాడు. "చాలు ఆచారీ. విన్న్యాను కదా. ఇంగ తోలుకోని పో" అని, తడుముకుంటా పోయి మళ్ళా తాడు పట్టుకున్నాడు. అడగలేదబ్బా ఆయప్ప, పెండ్లాన్ని ఒక్క మాట అడగలేదు. అడిగుంటే తిట్టేసుండును ఆయమ్మ. అడగలేదు, అదే ఆయమ్మకి గుండెలో గుచ్చుకునింది.

నిలబడి గుట్ట పక్క చూసింది. పుట్టి బుద్ధెరిగినాక ఆ గుట్ట మిందే బతికింది, ఏ రాయి యాడుందో కాలికి తెలుసు ఆయమ్మకి. మళ్ళా ఆచారి పక్క చూసింది. ఆనెంక ఏం చేసిందనుకున్నారు? కొంగు నడుముకి చుట్టింది, గోతాం పట్ట మడిచి ఎనక చక్రం పైరేకు మింద తాడుతో బిగించింది, "లేయ్, ఎక్కు" అనింది. "ఎవురు మే ఎనక?" అన్నాడు ఆయప్ప. "నేను గాక మీ అవ్వ వస్తాదా? ఎడమ భుజం నొక్కితే ఎడమకి, కుడి నొక్కితే కుడికి. రెండూ నొక్కితే నిలిపేయ్." "రెండూ మాత్రం నొక్కొద్దు మే. ఈ గుట్ట నిలబడినోణ్ణి నిలబెట్టదు, కిందికి తోసేస్తాది." "సరే పో" అనింది. ఊరు ఊరంతా అడ్డం వచ్చింది, వద్దమ్మా, చస్తారు ఇద్దురూ అని. "చస్తే మా మేకలు మీరు తోలుకోండి" అనిందంట.

పోయినారబ్బా! పొద్దు గుంకేదానికి ముందు, గుట్టంతా ఎర్రగా ఉండాది. చౌడమ్మ ఎడమ నొక్కింది, బండి పందిబండ పక్కన తిరిగింది. కుడి నొక్కింది, కలేచెట్టు గుబురు దాటింది. ఆయప్ప నిలబడి తోల్తా ఉండాడు, ఎప్పటి మాదిరే. నెరిసిన జుట్టు, కండ్లు మూతలు, కాళ్ళు మాత్రం ఆ పడుసోడి కాళ్ళే. సగం గుట్ట కాడ జారుబండ వచ్చింది. నున్నటి రాయి, నిట్టనిలువు, మేక కూడా ఆలోచించి ఎక్కే రాయి. చౌడమ్మకి కింద లోయ అగపడింది. రెండు భుజాలూ నొక్కేద్దామా అనుకునింది. చేతులు లేచినాయి కూడా. నొక్కలేదు. కండ్లు మూసేసుకోని, మొగుడి ఈపుకి మొగం ఆనించేసింది. ఇనండి, అప్పుడు ఆ బండి మింద ఇద్దురూ గుడ్డోళ్ళే! తోలింది ఎవురో ఆ దేవుడికే తెలియాల. నేనేమంటానంటే, సీమలో చలికి కొంకర్లు పోయిన ఆ మొగం తెలియని చేతులు తోలుంటాయి. దబదబదబ అని ఒక్క గొంతుతో ఎక్కేసింది బంగారుచుక్క. కింద ఊరు అరవడం కూడా మరిచిపోయింది.

పైన నిలిపినాక ఆయప్ప అడిగినాడంట, ఏమగపడతా ఉంది చెప్పు మే అని. ఆయమ్మ చెప్పింది, గనుల చక్రాలు అగపడతా ఉండాయి, తిరగడం లేదు, అవతల దుమ్ముదిబ్బలు తెల్లగా ఉండాయి, మన ఇల్లు అగ్గిపెట్టంత ఉంది, ఆచారి మంచం ఉంది, ఆచారి లేచి కూచోనుండాడు అని. "ఇదా నీకు అగపడతా ఉన్నింది, అప్పుడు?" అనింది. "ఇదే" అన్నాడు. దిగేటప్పుడు మాత్రం చౌడమ్మ నడిచే దిగింది, ఆయప్ప ఎనక పక్కనుంచి ఆయమ్మ మాట ఆనవాలు పట్టుకోని బండిని నడిపించుకోని వచ్చినాడు.

కిందికొచ్చినారు. జనం మూగినారు. చౌడమ్మ అందర్నీ తోసుకోని ఆచారి మంచం కాడికి పోయింది. ఎన్నేండ్లయింది మాట్లాడి! ఏమంటాదా అని అందురూ చూస్తా ఉండారు. నడుము మింద చెయ్యి పెట్టుకోని, "అన్నా, నీ బండి జారుబండ మింద ఒక గుక్క తప్పింది. గొంతు బొంగురు పోయినట్ల అయింది. ఏం పని చేసినావు నువ్వు, అదేందో చూడు" అనింది. ఆచారి ఎగిరిపడినాడంట మంచం మింద. "గుక్క తప్పడమా? నా బండా? ఏయ్, ఎవురక్కడ, నా స్పానర్ల సంచి తేండి!"

ఆ తప్పిన గుక్క ఏందో చూస్తానని, ఇప్పతా బిగిస్తా, బిగిస్తా ఇప్పతా, వారం దాటడని ఊరంతా అనుకున్న మనిషి ఆ వానలు దాటించి, చలికాలం కూడా దాటించినాడు. దినామూ సాయంత్రం చౌడమ్మ ఒక గలాసు మేకపాలు పట్టుకోని పోయి, ఇంగా సరి కాలేదన్నా అని వచ్చేసేది. మా నాయన చచ్చేదాకా చెప్పేవాడు, రేయ్, నేను కిందనే ఉన్నింటి, రెండు చెవులతో విన్న్యాను, ఆ బండి గుక్క తప్పనే లేదురా అని. మరి ఆయమ్మ ఎందుకట్ల అనిందో, కండ్లు మూసుకున్న మనిషికి ఏమి వినపడిందో, నన్నడగొద్దు. ఆడోళ్ళు బండ్లని తిట్టినా, వంక పెట్టినా ఊరకే పెట్టరు, నేను కనిపెట్టింది అంతవరకే. ఇంగ లేయండి, పొయ్యి మింద రాగిసంగటి అడుగంటతా ఉండాది.