మిరియం చెప్పిన నాలుగక్షరాలు

“ఆంటీ, రికార్డింగ్ పెట్టాను. ముందు అంకుల్ పేరు చెప్పండి.”

అదిగో, నా పాత కబుర్లు రికార్డు చేస్తానని వచ్చి మొదట్లోనే చిక్కు పెట్టావు! మొగుడి పేరు చెప్పకూడదే తల్లీ. మా రోజుల్లో అంతే. మా మేనత్త మొగుడి పేరు గోవిందు. తిరుపతి కొండ మీద జనమంతా గోవిందా గోవిందా అంటుంటే, ఆవిడ నోరు బిగించుకుని దణ్ణం పెట్టేది! నవ్వకు, నిజం.

ఏం చెబుతున్నానూ... ఆఁ, మిరియం. ఈ టార్నీట్‌లో పిల్లల దగ్గరికి రాకముందు, మా ఆయన ఈ దేశంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరికి అటువైపు కాల్‌ఫీల్డ్ పేటలో ఉండేవాళ్లం. పక్కింటావిడే మిరియం, యూదులు వాళ్లు. ఓ రోజు నీలాగే మీ వారి పేరేంటంది. నోటితో అనకూడదని చెప్పి కాగితమ్మీద రాసిచ్చా. పడీపడీ నవ్వి, “దేవుడి దగ్గర మేమూ అంతే” అంది. వాళ్ల పుస్తకంలో దేవుడి పేరు నాలుగక్షరాలుట. కంటితో చూస్తారు, నోటితో అనరు. ప్రార్థనలో అక్కడికొస్తే ‘అదొనాయ్’ అని చదువుతారు, ప్రభువు అని. మామూలు మాటల్లో అదీ అనరు, ‘హషేమ్’ అంటారు. అంటే ‘ఆ పేరు’ అని, అంతే. నేను మా ఆయన, మా ఆయన అన్నట్టే. ఇంకేం, ఇద్దరం ఒకటైపోయాం.

పూర్వం వాళ్ల గుడి ఉన్నప్పుడు పెద్ద పూజారి ఏడాదికొక్క రోజు ఆ పేరు పలికేవాడుట. గుడి పోయింది, పలికేవాళ్లూ పోయారు. “అక్షరాలున్నాయి గానీ, ఎలా పలకాలో ఇప్పుడెవరికీ ఖాయంగా తెలీదు” అంది. నేనప్పుడు ఊఁ కొట్టి ఊరుకున్నా.

మిరియం పోయి రెండేళ్లు, కాదు, మూడో ఏడు. ఈయన పోయి ఏడాది. పిల్లలు డాడీ అంటారు, మనవలు తాతా అంటారు. మందుల షాపువాడొక్కడు పేరెట్టి పిలిచేవాడు, అదీ వంకరటింకరగా. ఇప్పుడదీ లేదు. పొద్దున్నే అందరూ పనులకి పోతే ఈ ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. ఒంటరిగా అనిపిస్తోందే, అబద్ధమెందుకు. ఈమధ్య ఒకటే భయం, ఆయన పేరు కూడా అలా కాగితాల మీదే మిగిలిపోతుందేమోనని.

యాభై రెండేళ్ల కాపురం. హాస్పిటల్లో ఓ సాయంత్రం అడిగారు కూడా, “ఒక్కసారి పేరెట్టి పిలవవే, వింటాను” అని. “ఛ, ఊరుకోండి, నర్సులు నవ్వుతారు” అన్నా. నవ్వితే నవ్వేవాళ్లు. వాళ్లకి తెలుగేమొచ్చు!

ఏదీ, ఆ ఫోను ఇలా దగ్గరికి పెట్టు. ఆన్‌లోనే ఉందా?

సుబ్బారాయుడు.

వచ్చిందా? మరీ గట్టిగా అనేశానా? పోనీలే. ఏదీ, నువ్వను... ఆఁ, అలాగే, సరిగ్గా అన్నావు. నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ.

ఇంకోసారి అనవూ?