కొండకు గడ్డం గీసిన రేజరు

గొప్పలు చెప్పేవాడికి పని రాదని లోకం అనుకుంటుంది. లేతు మేస్త్రిని చూడనివాళ్ల మాట అది. ఆయన నోరు ఎంత పెద్దదో చెయ్యి అంత నికార్సైనది. ముప్పయ్యేళ్లలో తన లేతు మిషను దగ్గరికి వచ్చిన వస్తువు ఏదీ బాగుపడకుండా వెనక్కి వెళ్లలేదని రోజుకు నాలుగుసార్లు చెప్పుకుంటాడు. ఆయన చెప్పే మాటల్లో కోత కానిది అదొక్కటే.

అలాంటి మనిషికి ఆ ఉదయం టీకొట్టు బల్ల ముళ్లకంపలా ఉంది. చొక్కా జేబులో, గుడ్డపేలికలో చుట్టిన పాతకాలపు రేజరు ఉంది. అది కాంపౌండరు గారి తండ్రి వాడినది. పిడిలో మర అరిగిపోయి బిగువు నిలవడం లేదని వారం కిందట తెచ్చిచ్చారు. మేస్త్రి మర కొత్తగా కోశాడు. పిడి గట్టిగా బిగిసింది. తీరా పొద్దున్నే బ్లేడు పెట్టి తన గడ్డం మీదే పరీక్ష చేసుకుంటే, బ్లేడు అంచు గాలికి రేకు కొట్టుకున్నట్టు టపటపలాడింది. గడ్డం మూడుచోట్ల తెగింది. ఎందుకలా అయిందో బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు.

అవతల తొందర ఉంది. కాంపౌండరు గారి అన్నగారు పక్షవాతంతో మంచం పట్టి ఏడాది. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ రేజరు తప్ప ఇంకోటి మొహానికి తగలనివ్వరు. రేపు దూరం నుంచి కూతురు వస్తోంది. "ఈ అవతారంతో బిడ్డకి కనపడను, తలుపు వేసెయ్యండి" అని మొండికేశారు.

కాంపౌండరు రానే వచ్చారు. "అయిందా మేస్త్రీ?"

"అవక ఎక్కడికి పోతుందండీ! ముందు కూచోండి. అక్కా, కాంపౌండరు గారికో టీ!"

ఎదురు బల్ల మీద దర్జీ ఊరుకుంటాడా? "గడ్డం మీద ఆ దూది ముక్కలేంటి మావా, పత్తి పంట వేశావా?"

మేస్త్రి జేబు మీద చెయ్యి వేసుకుని చూశాడు. మాట్లాడితేనే గండం గడిచేలా ఉంది.

"నవ్వరా నవ్వు. అసలు ఈ రేజరు అనే వస్తువుకి ప్రాణం పోసింది ఎవరనుకున్నావు? నా కుర్రతనంలో అందరి చేతుల్లోనూ మంగలి బారుకత్తే. మా యజమాని దాంతో గీసుకుంటుంటే పిల్లి చెంగున దూకింది, పాపం సగం మీసం పోయింది. అప్పుడు నేనేం చేశానంటే, కత్తి అంచు పక్కనే దువ్వెన పళ్లలాంటి పలక ఒకటి కట్టాను. వెంట్రుక పళ్ల సందులోంచి దూరి కత్తికి అందుతుంది, తోలు దూరదు. అంతే!"

"ఆలోచన బాగానే ఉందే," అంది టీకొట్టు అక్క. ఆమె వడగట్టే గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"బాగుండటమేంటక్కా, అంతటితో ఆగానా? కత్తి బారుగా ఎందుకుండాలి, పారకి కర్ర ఉన్నట్టు అడ్డంగా పిడి ఎందుకుండకూడదు అనుకుని పిడి పెట్టాను. అంత మందం ఇనుము ఎందుకని బ్లేడు పల్చగా సాగదీశాను. ఎంత పల్చగా అంటే, ఉల్లిపొర దాని ముందు గోనెసంచి! నేను ఊపిరి వదిలితే ఎగిరి దూలానికి అతుక్కునేది. నిచ్చెన వేసుకుని తీసుకొచ్చి, రాత్రిళ్లు దాని మీద రాయి పెట్టి పడుకునేవాణ్ని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రాయి తెగింది," అన్నాడు దర్జీ.

"నీకెలా తెలుసురా? తెగింది! రెండు ముక్కలు! సరే, పైన టోపీ, కింద పళ్ల పలక, నడుమ బ్లేడు. టోపీ బొడ్డులోంచి దిగే మరని పిడిలోకి బిగించాలి కదా, ఆ మర ఎంత సన్నగా కోశానంటే, పొద్దున తిప్పడం మొదలుపెడితే మధ్యాహ్నానికి వెంట్రుకవాసి కిందికి దిగేది. ఒకరోజు భోజనానికి పోతూ దాన్ని బల్ల మీద పెట్టి మర్చిపోయాను. తిరగడం అలవాటైపోయిన మర, ఆగుతుందా? బల్లలోకి దిగింది, నేలలోకి దిగింది. వచ్చి చూస్తే కన్నంలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. ఆ వీధి వాళ్లు ఇప్పటికీ ఆ నీళ్లే పట్టుకుంటున్నారు."

అక్క నోరు తెరిచింది. పొయ్యి మీద పాలు పొంగబోతే చూసుకోలేదు, దర్జీయే లేచి గిన్నె దించాడు. కాంపౌండరు మాత్రం నవ్వలేదు. అలాగని విసుక్కోనూ లేదు, బళ్లో ముందు వరస పిల్లాడిలా ముందుకు వంగి వింటున్నారు. ఆ శ్రద్ధ చూసి మేస్త్రి చూపు తిప్పుకున్నాడు. కథ ఆగితే జేబులోది బయటికి తియ్యాలి. అందుకని ఇంకో మెట్టు ఎక్కాడు.

"రేజరు తయారైంది. సబ్బు బుడగ మీద నురగ పూసి గీశాను, నురగ వచ్చేసింది, బుడగ అలాగే ఉంది. నిద్రపోతున్నవాడికి గీస్తే వాడు లేచి అద్దం చూసుకుని 'ఎవరు సార్ మీరు' అని తననే అడిగాడు. ఇంక మనుషులు సరిపోక, ఊరి పక్క కొండ ఉంటే, దాని మీద గడ్డి ఏపుగా పెరిగి మేకలు తప్పిపోతుంటే, మూరెడు రేజరుని బారెడు చేసి, బారెడుని ఫర్లాంగు చేసి, నలభై ఎడ్లని కట్టి ఒక్క లాగుడు లాగాను! కొండకి నున్నగా గడ్డం గీసేశాను. ఒక్క రాయికి గాటు పడలేదు. మేకలన్నీ కాళ్లు జారి సర్రున కిందికొచ్చి, ఎవరి దొడ్లోకి అవి వెళ్లిపోయాయి."

"అమ్మ బాబోయ్," అంది అక్క. నమ్మలేదు. కానీ ఆ నున్నటి కొండ, జారే మేకలు ఆమె కళ్లకి కనపడ్డాయి.

"అది విని ఏదో దేశపు రాజు లక్షమంది సైనికుల్ని వెంటేసుకొచ్చాడు. 'మేస్త్రీ, యుద్ధానికి తొందరగా పోవాలి, అందరికీ ఒకేసారి గీసెయ్' అన్నాడు. సరే, లక్షమందినీ ఒకటే వరసలో నిలబెట్టాను, గడ్డాలు పైకెత్తించాను. నురగ పూయడానికే రెండు చెరువులు ఖాళీ. ఇక రేజరు, ఆరు కోసుల పొడవు! పళ్లు ఒక్కోటీ తాడిచెట్టంత. బ్లేడు పరిచాను. దాని మీదికి టోపీ ఎత్తించాను. ఆ టోపీ పనితనం చూడాలండీ కాంపౌండరు గారూ! ఆరు కోసుల పొడుగునా రసమట్టం పెట్టి చూశాను. ఎక్కడా వంపన్న మాట లేదు. అద్దమంత తిన్నగా..."

కాంపౌండరు గ్లాసు బల్ల మీద పెట్టారు.

"ఒక్క చిన్న సందేహం మేస్త్రీ. ఇందాకటి నుంచీ వింటున్నాను. నీ బ్లేడు ఎగిరింది, రాయిని కోసింది, కొండ ఎక్కింది. ఒక్కసారైనా వంగలేదే?"

"వంగడమేంటండీ?"

కాంపౌండరు అక్క వైపు తిరిగారు. అక్క పొట్లాలు కట్టే కాగితాల్లోంచి ఒకటి అడిగి తీసుకుని, బెత్తెడు ముక్క చింపి, ఒక కొస పట్టుకుని చాచారు. కాగితం తల వేలాడేసింది. తర్వాత అదే ముక్కని వేళ్ల నడుమ కొద్దిగా దోనెలా వంచి పట్టుకున్నారు. కాగితం వాలకుండా, కర్రలా నిలబడింది. దాని కొస మీద దర్జీ చొక్కా కాలరుకి గుచ్చుకున్న సూది తీసి పెట్టారు. ఒరగలేదు.

లక్ష సైన్యానికి, నున్నటి కొండకి తెరుచుకున్న నోళ్లే, ఈసారి మూతపడ్డాయి.

"మా నాన్న చిన్నప్పుడు ఇలాగే చూపించాడు," అన్నారు కాంపౌండరు. "అంత పల్చటి ఉక్కుకి సొంతంగా బలం లేదు. టోపీ పొట్ట లోపలికి గుంట, పలక వీపు పైకి గూని. రెండూ నడుమ పట్టి వంచితేనే దానికి వెన్నెముక వస్తుంది. ఎవరు కనిపెట్టారో గాని, మహానుభావుడు. అదంతా నువ్వే చేశావు కదా, మరి ఆ ఒక్క సంగతి నీకెలా తెలియలేదు?"

మేస్త్రి చెయ్యి జేబులోకి వెళ్లింది. మూట విప్పి బల్ల మీద పెట్టాడు. గొంతు ఇందాకటిది కాదు.

"మర బాగా కుదిరిందండీ. ఆ సంతోషంలో... టోపీ గూనిగా కనపడితే, కింద పడి వంగిపోయిందనుకున్నాను. పైపనిగా, మీరు అడక్కుండానే, కొయ్యసుత్తితో తట్టి తిన్నగా చేశాను. దాని బలమంతా అందులోనే ఉందని నాకు తెలీదు. పొద్దున్నుంచీ మీకు మొహం చూపించలేక ఈ సొదంతా."

దర్జీ నవ్వబోయాడు. అక్క గరిటె చూపించింది. వాడు మూతి ముడుచుకున్నాడు.

కాంపౌండరు టోపీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. ఆయన మొహంలో కోపం లేదు, దిగులుంది. "వంపు ఎంతుండేదో నేనెప్పుడూ కొలవలేదు మేస్త్రీ. నాన్న లేడు అడగడానికి. రేపు పొద్దున్నే పిల్ల దిగుతుంది."

"ఇలా ఇవ్వండి." మేస్త్రి టోపీని పళ్ల పలక మీద బోర్లించి, ఎండకు ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూశాడు. నడుమ ఆనింది. రెండు అంచుల దగ్గరా సన్నటి వెలుగు గీత. అలాగే చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లూ మరలు కోసిన చేతి కింద ఇంత చిన్న గీతలో ఇంత తెలివి దాగుందా అన్నట్టు చూశాడు.

"పలక జోలికి నేను పోలేదండీ, పళ్లు విరుగుతాయని భయపడి. దీని గూని దీనికే ఉంది. ఆ వీపుకి అతికేలా టోపీని వంచితే, ఈ వెలుగు మూసుకుపోయేదాకా... అంతే కదండీ?"

అడిగాడు. చెప్పలేదు. ఆ బల్ల మీద ఆయన ఒకరిని ప్రశ్న అడగడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"అంతే," అన్నారు కాంపౌండరు. "పద, నేనూ వస్తాను."

మేస్త్రి టీ కూడా తాగకుండా లేచి, పెద్ద అంగలు వేసుకుంటూ షెడ్డు వైపు నడిచాడు. దర్జీకి ఇంక నోరు ఆగలేదు.

"మావా! మరి ఆ లక్షమంది సైనికులు? నురగ పూసుకుని నిలబడ్డారే!"

"నిలబడనీరా!" మేస్త్రి వెనక్కి తిరక్కుండానే కేకేశాడు. "ముందు ఒక పెద్దాయన గడ్డం ఉంది!"