మలుపు దగ్గర

యలహంకలో అర్పిత ఇంటి మిద్దె. ఎయిర్‌షో కోసం యుద్ధ విమానాలు పొద్దుటినుంచీ తిరుగుతున్నాయి. ఆమె భర్త ప్రవీణ్ బైకు పందెంలో పోయి నెల దాటింది. ఆమె అన్న హేమంత్‌కుమార్ ప్రతి ఆదివారం వస్తాడు. వచ్చింది మొదలు మాట్లాడుతూనే ఉంటాడు.

"...అది సుఖోయ్, అర్పితా. రెండు ఇంజన్లు. కళ్ళు మూసుకొని చెప్పొచ్చు, శబ్దం అట్లుంటాది."

"ఊఁ."

"దాని వెనకాల చిన్నది వస్తా ఉండాదే, అది మన బెంగళూరులోనే చేసింది."

"కాఫీ చల్లారిపోతా ఉండాది, అన్నా."

"తాగుతాలే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషోళ్ళు ఏం చేసినారో తెలుసునా? బెలూన్లో ఉండేవాళ్ళకు పారాచూట్ ఇచ్చినారు, విమానం తోలేవాళ్ళకు మాత్రం ఇయ్యలేదు. ఇస్తే దెబ్బ తగలకముందే దూకేస్తారని పైవాళ్ళకు అనుమానమంట."

"మరి విమానం అంటుకుంటే?"

"అంటుకుంటే ఏముండాది. కాలేది, లేదంటే ఊరికే దూకేది."

"ఊరికే అంటే?"

"ఊరికేనే. ఇప్పుడట్ల కాదు. మీట లాగితే సీటే మనిషిని ఎత్తి బయట పారేస్తాది. వెన్ను నలుగుతాది గానీ పానం ఉంటాది. రేసు కార్లూ అంతే. తలకాయ మీద చట్రం పెడతామంటే డ్రైవర్లే వద్దన్నారు, చూసేదానికి బాగలేదని. ఇప్పుడు దాని పుణ్యానే బతుకుతా ఉండారు."

"బైకుకు?"

"ఏంది?"

"బైకుకు ఏం చట్రం ఉండాది?"

"బైకుకు... ఏముంటాది. మనిషే."

"ఊఁ."

"కాఫీలో చక్కెర వేసినావా?"

"వేసినా. అన్నా, వాళ్ళకు తెలుస్తాదా?"

"ఎవరికి?"

"పడేవాళ్ళకు. నొప్పి."

"విమానం వాళ్ళకా?"

"ఎవరికైనా. ఊరికే అడుగుతా ఉండాను."

"తెలీదు. అంత వేగంలో నొప్పి తలకాయ దాకా పోయేలోపలే అంతా అయిపోతాది. లైటు ఆర్పినట్ల."

"నువ్వు ఆ పొద్దు ఆయన పడిన మలుపు కాడే నిలబడి ఉంటివి కదా."

"కంచెకు ఇవతల."

"పరిగెత్తినావు."

"అందరూ పరిగెత్తినారు."

"నువ్వు పోయేసరికే పోయినాడన్నావు."

"అవును."

"ఏమీ మాట్లాడలేదన్నావు."

"ఎట్ల మాట్లాడతాడు, అర్పితా? లైటు ఆర్పినట్లని చెప్తిని కదా. అదో, చూడు, చూడు, మళ్ళీ వస్తా ఉండాది. ఇప్పుడు తలకిందులుగా తిరుగుతాది."

విమానం తలమీదుగా దూసుకుపోయింది. కింద ఇంట్లో కిటికీ అద్దాలు అదిరి ఆగాయి. అర్పిత తలెత్తలేదు.

"నిన్న రాచెల్ వచ్చింది."

"ఏ రాచెల్?"

"ఆ పొద్దు అంబులెన్సులో ఉండిన నర్సు. మనసు ఒప్పక వచ్చిందంట."

హేమంత్‌కుమార్ గ్లాసు కింద పెట్టాడు.



"ఏం చెప్పింది?"

"నొప్పి ఉండిందంట. శానా ఉండిందంట."

"అర్పితా, నేను నీకు..."

"ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నేనడిగేది దానికి కాదు."

"మరి?"

"అంబులెన్సులో ఆసుపత్రి దాకా ఆయన నీ చెయ్యి వదల్లేదంట. నువ్వు మాట ఆపినప్పుడల్లా 'ఇంగా చెప్పు బావా, ఇంగా చెప్పు' అన్నాడంట. దారి పొడుగునా ఆయనకు ఏ విమానం సంగతి చెప్పినావో, అది చెప్పన్నా నాకు."